చీపుళ్ల దగ్గు

వందల ఏళ్ల కిందట ఇటలీలో ఒక వైద్యుడు, రోగిని అడగాల్సినవన్నీ అడిగాక ‘నువ్వేం పని చేస్తావు’ అని కూడా అడగమన్నాడట. పనివల్ల వచ్చే రోగాల చదువు అక్కడ మొదలైందని మెడికల్ కాలేజీలో మా మాస్టారు చెప్పారు. పరీక్షలో బాగానే రాశాను. మన్యంలో పెదబయలు దగ్గర ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరాక ఆ సంగతే మరిచిపోయాను.

మొదటి ఏడాది చలి తగ్గే రోజుల్లో ఒకే ఊరి ఆడవాళ్లు వరసగా దగ్గుతూ వచ్చారు. కళ్లు ఎర్రగా ఉండేవి, మెడమీద దురద. కళ్లె పరీక్ష చేయిస్తే ఏమీ తేలలేదు. సిరప్ ఇచ్చి పంపేదాన్ని. ఒకరోజు వాళ్లలో ఒకావిడ ఖాళీ సీసా తెచ్చి నా బల్లమీద పెట్టింది.

“మందు తియ్యగానే ఉంది డాక్టరమ్మా. దగ్గే పోలేదు.”

“మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?”

“మా ఆయనకి లేదు. సీపుర్లు కొట్టినోళ్లకే ఉంది.”

నాకు సిగ్గేసింది. “కొట్టడమంటే ఏం చేస్తారు?” అన్నాను.

“వచ్చి సూడు. సెబితే తెలవదు.”

ఆదివారం వెళ్లాను. అడవిలో కోసి ఎండబెట్టిన కొండచీపురు కట్టల్ని ఒక మూసిన పాకలో రాతికేసి కొడుతున్నారు, పూత రాలడానికి. గుమ్మంలోంచి పడిన ఎండలో ఆ నూగు పొగలా లేస్తోంది. నేనూ ఒక కట్ట అందుకున్నాను. కాసేపటికే తుమ్ములు మొదలై ఆగలేదు. వాళ్లు పని ఆపి, నవ్వలేక కింద కూలబడ్డారు.

“ఇప్పుడు తెలిసిందేటి, మా రోగం?” అంది ఒక ముసలామె. చున్నీతో ముక్కు తుడుచుకుంటూ నేనూ నవ్వాను.

“బయట కొట్టుకోవచ్చు కదా?”

“పొద్దున్న మంచుకి తడిసిపోద్ది.”

“ఎండెక్కాక?”

వాళ్లలో వాళ్లు కువి భాషలో మాట్లాడుకున్నారు. తర్వాత ఉపాయమంతా వాళ్లే చెప్పారు. ఎండెక్కాక ఊరి చివర బండమీద కొడతారు, గాలికి వీపు పెట్టి నిలబడతారు, ముక్కుకి తువ్వాలు కట్టుకుంటారు. నేను ఊఁ కొట్టానంతే.

మూడో వారానికి ఆ ఊరినుంచి దగ్గుతో వచ్చేవాళ్లు బాగా తగ్గారు. మరుసటి ఏడు చీపుళ్ల పని మొదలవగానే నన్ను పిలిపించారు. వెళ్లేసరికి బండమీద పాట సాగుతోంది. తువ్వాళ్ల వెనకనుంచి గొంతులు గమ్మత్తుగా వినిపిస్తున్నాయి. నేను తెలియక గాలికి ఎదురుగా నిలబడితే, ముసలామె నా భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

“ఇలా నిలబడాల, గుంటా” అంది, తన ఇంటి ఆడపిల్లతో అన్నట్టు.

పూత నూగు మాకు దూరంగా, లోయమీదికి తేలుతూ పోయింది.