గుమ్మి కింది జెర్రిపోతు

నిన్న సాయంత్రం మనవరాలు సైన్సు నోట్సు తెచ్చి నా ఒడిలో పెట్టింది. వడ్లు, ఎలుక, పాము, గద్ద బొమ్మలు వేసి నడుమ బాణం గుర్తులు గీసింది. ఈ గొలుసులోంచి పామును తీసేస్తే ఏమవుతుందో నాలుగు వాక్యాలు రాయాలట. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆ జవాబు నాకు పదిహేడేళ్ళప్పుడే తెలుసు.

అప్పుడు మేము మంథని దగ్గరి పల్లెలో ఉండేవాళ్ళం. వెదురుతో అల్లి పేడా మన్నూ మెత్తిన వడ్ల గుమ్ములు నా వయసు వాళ్ళందరికీ గుర్తుండే ఉంటాయి; మా బర్రెను కట్టేసే కొట్టం పక్కన నిలబడిన వాటిలో చిన్నదాంట్లో, నాయినమ్మ పుట్టింటి నుంచి కొంగున కట్టుకొని తెచ్చి, ఏటేటా వేసి కాపాడుకుంటూ వచ్చిన విత్తనపు వడ్లు ఉండేవి. ఉడుకుతుంటే ఇల్లంతా కమ్మగా వాసన వచ్చే ఆ సన్నబియ్యం ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. పొద్దున్నే కొట్టం ఊడ్వబోయినప్పుడు ఆ గుమ్మి కింద ఒక జెర్రిపోతు ఎలుకల కోసం తిరగడం చాలాసార్లు చూశాను. ఏడో తరగతితో బడి ఆగినా దొరికిన పుస్తకమల్లా దాచుకొని చదివేదాన్ని కనుక, దానికి విషం ఉండదని, ఎలుకలనూ కప్పలనూ తిని బతుకుతుందని డైరీలో రాసుకున్నాను కూడా.

ఆ ఎండాకాలం బర్రె పాలు తగ్గాయి. వాగు ఒడ్డున పచ్చిగడ్డి మాడిపోయి, అది వట్టి ఎండుగడ్డి తింటున్న సంగతి అందరి కళ్ళ ముందే ఉంది. అయినా జెర్రిపోతు బర్రె కాళ్ళకు చుట్టుకొని పాలు తాగుతుందని మా వైపు గట్టి నమ్మకం. నాయినమ్మ ఖాళీ చెంబును తన కొడుకైన మా బాపు ముందు బోర్లించి, "గీ పాలు దుడ్డె తాగలే, నువ్వు తాగలే, మరెవడు తాగిండు రా? కొట్టంల జెర్రిపోతు మరిగింది" అన్నది.

"తాగితే తాగింది గనీ అవ్వా, జర చాయ్‌కన్న మిగిలియ్యకపాయె" అని బాపు నవ్వాడు, కానీ కట్టె అందుకున్నాడు. అప్పటికే వాకిట్లో నలుగురు మగవాళ్ళు చేరారు. బాపు నా వైపు తిరిగి, "బిడ్డా, రోజు పొద్దుగాల్ల పోతవు గద, యాడుంటది?" అని అడిగాడు. అది పాలు తాగదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతమందిలో నోరు విప్పలేక, వేలితో గుమ్మి కింద చూపించాను.

ఆ రోజు డైరీలో 'పామును చంపారు' అని మాత్రమే ఉంది.

బర్రె పాలు పెరగలేదు. మిరుగు కార్తె వచ్చి, తొలకరి పడి, విత్తనం నానబెడదామని మూత తీస్తే చేతికి ఊక వచ్చింది. గుమ్మి అడుగున పిడికిలి పట్టేంత బొక్క. నాయినమ్మ ఆ ఊకను చేటలో పోసుకొని పొద్దూకేదాకా చెరిగింది. దక్కిన గుప్పెడు గింజల ముక్కులు కూడా ఎలుకలు కొరికేశాయి, ఒక్కటీ మొలవలేదు. వడ్లు అడిగితే పక్కింటివాళ్ళే ఇచ్చారు, పొలం బీడు పడలేదు. ఆ విత్తనం మాత్రం మళ్ళీ దొరకలేదు. ఆమె పుట్టింటివాళ్ళు అప్పటికే సేద్యం వదిలి బొగ్గుబాయి పనికి పోయారు. జెర్రిపోతు ఉసురు తాకిందని నాయినమ్మ పోయేదాకా అంటుండేది. నేను ఆమె కాళ్ళు పిసుకుతూ వినేదాన్ని.

ఇప్పుడా ఊళ్ళో గుమ్ములు లేవు. వడ్లు కల్లం నుంచే లారీ ఎక్కుతాయి, విత్తనం ప్యాకెట్లలో వస్తుంది, జెర్రిపోతు కనబడక ఎన్నేళ్ళయిందో చెప్పేవాళ్ళూ లేరు. మనవరాలు రాసింది చదివి వినిపించింది: ఎలుకలు పెరుగుతాయి, గింజలు తగ్గుతాయి, గద్దకు తిండి ఉండదు. మూడే వచ్చాయి, నాలుగోది నన్ను చెప్పమన్నది. ఈసారి చుట్టూ మగవాళ్ళు లేరు, ఎదురుగా ఒక్క చిన్నపిల్ల. అయినా నాలుగోది రేపు టీచర్‌ను అడగమని నోట్సు దాని చేతికిచ్చేశాను.