కట్టంగూరు ఆముదం మిల్లుకు ఖాకీ బట్టల్లో వెళ్ళిన రోజు

నల్లగొండ వైపు తనిఖీకి వెళ్తున్నానంటే మా ఆఫీసులో ఒక పెద్దమనిషి "వీలునామా రాసి మరీ వెళ్ళండి" అన్నాడు. ఆయన హైదరాబాదు పొలిమేర దాటి ఆ దారిన ఏనాడూ వెళ్ళినవాడు కాదు. పోలీసు చర్య ముగిసి కొన్ని నెలలైనా, పట్నంలో కుర్చీలకు అతుక్కున్నవాళ్ళకు ఆ జిల్లా అంటే తుపాకుల కథే. అక్కడ మనుషులు వండుకుంటారనీ, పనికి పోతారనీ, ఒకరినొకరు వెక్కిరించుకుని నవ్వుకుంటారనీ వాళ్ళకు తోచదు. నేను వెళ్ళింది మాత్రం వాళ్ళతో వాదం గెలవడానికి కాదు, ఉద్యోగం కాబట్టి. ఆవిరితో నడిచే మిల్లుల్లో బాయిలర్లు పేలకుండా చూడటం నా పని. ఒకసారి బాయిలర్‌ను చల్లార్చి, లోపలికి దూరి, సుత్తితో తట్టి చూస్తాను. ఇంకోసారి మంట మీద ఉండగా చూస్తాను. కట్టంగూరు దగ్గరి ఆముదం మిల్లులో ఈసారి చూడవలసింది మంట మీద ఉన్న బాయిలర్‌నే.

పట్నం నుంచి బెజవాడ రోడ్డు మీద తెల్లవారగానే బస్సు ఉంది. కిరాయి రెండు రూపాయలకు లోపే, నిజాం నాణెమైన హాలీ సిక్కాలో. పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడుపుతున్నారు. వెనక ఒక పొయ్యి, ఆ పొయ్యికొక మనిషి. నేనెవరో తెలిశాక డ్రైవరు ఊరుకోలేదు.

"మిల్లులల్ల పొయ్యిలు చూస్తవు గద సార్, జర నా పొయ్యి గూడ చూడరాదు?"

అది బాయిలర్ కాదు, బొగ్గు కుంపటి అని చౌటుప్పల్ దాకా వాదించాను. చౌటుప్పల్‌లో కుంపటి ఆరిపోయి, వాదన అతనే గెలిచాడు. బస్సు సాయంత్రం దాకా కదలదన్నాడు. రోడ్డు పక్క పూటకూళ్ళ ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర అని పిలిచే గోంగూర తిన్నాను. అంత మంచి పుంటికూర పట్నంలో ఏ హోటలూ పెట్టలేదు, పెట్టదు. రెండో రొట్టెకే చేయి కడగబోతే వండే ఆమె ఆపింది.

"బాయిలర్ల దూరుతనంటివి. బక్కగున్నవు గనుక దూరుతున్నవు. నా చేతి రొట్టెలు నాలుగొద్దులు తింటె నిన్ను ఆ బాయిలర్ గండ్ల నుంచి కోసి తియ్యాలె."

అప్పుడే బెజవాడ వైపు పోతున్న మిలిటరీ లారీ ఒకటి నీళ్ళకు ఆగింది. ఆ లారీ డ్రైవరును అడిగితే ఎక్కమన్నాడు. కిరాయి లేదు, కుదుపులు మాత్రం బోలెడు. మధ్యాహ్నం దాటాక కట్టంగూరు అవతల మిల్లు గేటు ముందు దించి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు. మసి కనబడదని నేను ఎప్పుడూ ఖాకీ బట్టలే వేస్తాను, నెత్తిన టోపీ కూడా.

లోపల బెల్టులు తిరుగుతున్నాయి. మనిషి లేడు. చేటల్లో ఆముదం గింజలు సగం చెరిగి ఉన్నాయి. ఒక సత్తు గిన్నెలో కలిపిన అన్నం ముద్ద ముద్దగానే ఉంది. బాయిలర్ గదిలోకి వెళ్తే మంట భగభగమంటోంది, పొట్టు ఎగదోసే పార నేల మీద పడి ఉంది. నీటిమట్టం చూపే గాజు గొట్టంలో నీళ్ళు అడుగున వేలెడే మిగిలాయి. అవి కూడా దిగిపోతే లోపలి ఇనుము ఎర్రబడుతుంది, ఆ తర్వాత గది ఉండదు, గదిలో ఉన్నవాడూ ఉండడు. పంపు తిప్పి నీళ్ళు వదిలాను, మంటను బయటికి లాగడం మొదలుపెట్టాను.

వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "పట్టుకపోవొచ్చినోనివి, బట్టి ఊడ్చుడేంది బిడ్డా?"

గుమ్మంలో చేట పట్టుకుని గింజలు చెరిగే లచ్చవ్వ. మోకాళ్ళ నొప్పులతో పరుగెత్తలేక మిగిలిపోయిందట.

"నేను మిల్ట్రీవాణ్ణి కాదవ్వా. బాయిలర్లు చూసే ఇంజనీరును."

"రజాకార్లూ ఖాకీయే తొడిగిరి. పోలీసోళ్ళూ ఖాకీయే. మిల్ట్రోళ్ళూ ఖాకీయే. నువ్వూ ఖాకీయేనాయె. మాకేమెరుక ఎవరు ఎవరో? పోయిన నెల గిట్లనే లారీ ఆగి ఇద్దరిని ఎక్కించుకపోయింది. ఇంకా తిరిగి రాలే."

నీళ్ళు గాజు గొట్టంలో సగానికి వచ్చాక ఆమె బయటికి నడిచి చేల వైపు కేకేసింది. "రాండ్రి, రాండ్రి. వీడు ఉత్త మసిగొట్టోడే."

ఆముదం చెట్ల సందుల్లోంచి ఒక్కొక్కరే వచ్చారు. చివరగా బాయిలర్ మంట చూసుకునే ఫైర్‌మన్ యాదగిరి, తల దించుకుని. అతను గుమ్మం చేరేసరికి ఎటు నుంచో మేనేజరూ వచ్చాడు.

"చూశారా ఇంజనీరు సాబ్, మంట వదిలి పరుగెత్తిండు. వీని పాసు రద్దు చెయ్యండి," అన్నాడు.

బాయిలర్ నడపడానికిచ్చే ఆ పాసు రద్దయితే యాదగిరిని ఈ రాజ్యంలో ఏ మిల్లూ పెట్టుకోదు. రద్దు చేసే అధికారం నాకుంది. మంట వదలకూడదన్న నియమం మీద నాకు గౌరవమూ ఉంది, పేలిన బాయిలర్ మిగిల్చేదేమిటో కళ్ళారా చూశాను. కానీ మేనేజరు జుట్టు నిండా ఆముదం పొట్టు, తెల్లటి షేర్వాణీ మీద గోనె పీచు.

"మీరు ఎక్కడి నుంచి వస్తున్నారు?" అన్నాను.

ఆయన షేర్వాణీ దులుపుకోసాగాడు. లచ్చవ్వే చెప్పింది. "గోదాంల బస్తాల ఎనుక నుంచి. అందరికంటె ముందు ఉరికింది ఆయననే."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను యాదగిరి వైపు తిరిగాను.

"పోయేటప్పుడు ఏం చేసి పోవాలె?"

"పంపు తిప్పి, గాలి తలుపు మూసి పోవాలె సార్."

"ఎందుకు చెయ్యలేదు?"

"లారీ కనబడంగనె బాయిలర్ యాదికి లేదు సార్. పిల్లలే యాదికొచ్చిండ్రు."

ఇంతకంటే నిజమైన జవాబు నా ఉద్యోగంలో వినలేదు. మళ్ళీ మంట వెయ్యి, నా ముందర ఆవిరి పట్టించు, అప్పుడు చెప్తానన్నాను. ఇద్దరు చేయవలసిన పని ఒక్కడితో ఎందుకు చేయిస్తున్నారని ఈలోగా మేనేజరును అడిగాను. రెండో ఫైర్‌మన్‌ను పెడతానని ఆయన మూడుసార్లు మాటిచ్చాడు.

పొద్దు వాలేసరికి ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎర్రగీతను చేరింది. రక్షణ కవాటం తెరుచుకుని, చెవులు చిల్లులు పడేలా అరిచింది. మేనేజరు గుమ్మం దాకా గెంతాడు. యాదగిరి మాత్రం పంపు మీద చేయి వేసి, గాజు గొట్టం మీద కన్ను తిప్పకుండా నిలబడ్డాడు. కవాటం దానంతటదే మూసుకున్నాక నా వైపు చూశాడు. నేను అతని పాసు మీద సంతకం పెట్టాను.

తిరుగు బస్సులో నాలో నేనే పోట్లాడుకుంటూ వచ్చాను. నియమం తెలిసినవాడు నియమం మరిచి పరుగెత్తాడంటే, వాడి మీద నేరం రాయడం అరనిమిషం పని. నా తోటి అధికారులు చాలామంది రాసి, చాయ తాగి, హాయిగా నిద్రపోతారు. వాడిని అంతగా బెదరగొట్టిందెవరని అడిగితే మాత్రం రాజకీయాలు మాట్లాడకండి అంటారు. మాట్లాడతాను. పనిచేసేవాడు బాయిలర్‌కు భయపడాలి, అది న్యాయమే. లారీ చప్పుడుకు భయపడే దేశంలో ఏ బాయిలరూ క్షేమంగా ఉండదు.

ఆ వైపు వెళ్ళేవారికి ఒక్క సలహా. వెళ్ళవలసిన చోటి గేటు ముందే దిగకండి. ఊరి మొదట్లో దిగి, చాయ చెప్పి, మీరెవరో ఎందుకొచ్చారో గట్టిగా చెప్పండి. చాయ అయిపోయేలోగా ఆ సంగతి మీకంటే ముందే ఊళ్ళోకి నడిచి వెళ్తుంది.