పునాదిలో పరిచిన సుద్ద

నంద్యాలలో ఆ కాలనీ పేరెత్తితే జనం ఇప్పటికీ ఒకే మాట అంటారు: "అది భూకంపానికి పగిలిన కాలనీ గదప్పా." టీ అంగట్లో అంటారు, బస్సులో అంటారు, పెండ్లిలో విస్తరి ముందు కూర్చుని కూడా అంటారు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఇండ్లను పగలగొట్టింది భూకంపం కాదు. భూకంపానికి ఎదురు చెప్పే నోరు లేదు కాబట్టి దాని నెత్తిన వేశారు. దాని బదులు నేను చెప్తాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ నేల నేను వయసులో ఉన్నప్పటి నుంచి ఎరిగిందే. అప్పుడది వంక. వానాకాలంలో కుందూ నది వైపు ఉరికేది. ఎండాకాలంలో పైకి పొడిగా కనబడేది. కనబడేది, అంతే. బనగానపల్లె నుంచి మామిడికాయల బండ్లు తోలుకొచ్చేవాళ్ళలో తెలిసినవాళ్ళు ఎంత ఆలస్యమైనా చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళు. తెలియనివాడు అడ్డంగా తోలితే చక్రం ఇరుసుదాకా దిగబడేది. ఎద్దుల్ని విప్పి, కాయలన్నీ దించి, దారిన పోయేవాళ్ళంతా తలా ఒక చెయ్యి వేస్తే గాని బండి బయటికి వచ్చేది కాదు. పైన పెచ్చు కట్టిన మట్టి, దాని కింద నీళ్ళు తాగిన ఇసుక, ఆ కింద ఎంత లోతో తెలియని బురద.

తొంభైలలో ఆ వంకలోకి ట్రాక్టర్లు దిగాయి. ఊళ్ళో పడగొట్టిన మిద్దెల మట్టి, రైసుమిల్లుల బూడిద, కుందూ ఇసుక, మార్కెట్టు చెత్త, ఏది దొరికితే అది తెచ్చి పోశారు. పైన ఎర్రమట్టి పరిచి చదును చేశారు. సున్నం పూసిన రాళ్ళు వరసగా పాతారు. వంక పోయి కాలనీ వచ్చింది. దానికొక పువ్వు పేరు కూడా పెట్టారు. వంకను పూడ్చినవాణ్ణి అడిగే అధికారి ఒక్కడూ ఆ దారిన రాలేదు.

మా అక్క అక్కడ ప్లాటు కొనింది. మిషను బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి రిటైరయిన మనిషి. బావ అంతకు ముందే పోయాడు. పిల్లలు లేరు. బతుకంతా చర్చి కాంపౌండులో, ఇంకొకరి దయ మీద ఉన్న గదుల్లో గడిపింది. ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేని ఇల్లు ఒకటి ఉండాలన్నది ఆమె కోరిక. అంతకు మించి ఏదీ కోరలేదు.

"అక్కా, అది వంక" అన్నాను.

"యాడుందిరా వంక? చూపియ్. రోడ్డు ఏసినారు, కరెంటు స్తంభాలు నాటినారు."

"కింద ఉంది."

"కింద ఉంటే ఉండనీ. సుద్ద తగిలేదాకా తొవ్విస్తా. ఆ మాత్రం నాకు తెల్దా?"

సుద్ద సంగతి మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద ఏ గోడా నిలవదు. అందుకని ఇల్లు కట్టేవాళ్ళు నల్లమట్టి అంతా పోయి, అడుగున తెల్లటి గట్టి సుద్ద తగిలేదాకా పునాది తవ్విస్తారు. అడుగు తెల్లబడిన రోజు ఇంటివాళ్ళంతా వచ్చి గుంతలోకి తొంగిచూస్తారు. టెంకాయ కొట్టేవాళ్ళు కొడతారు, ప్రార్థన చేయించేవాళ్ళు చేయిస్తారు. ఆ తర్వాతే రాయి దించుతారు. పిల్లను చూడబోయినప్పుడు కూడా అంత శ్రద్ధగా చూడరు.

ప్లాటు అమ్మిన ఆసామే ఇల్లు కట్టించే పనీ ఒప్పుకున్నాడు. మడత నలగని తెల్లచొక్కా, మెత్తటి మాట, తల నెరిసిన ప్రతి ఆడమనిషినీ అక్కా అని పిలిచే నోరు. సుద్ద తగిలిందని కబురొచ్చిన రోజు నేను ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వెళ్ళేసరికి పాస్టరు గారి ప్రార్థన అయిపోయింది. అడుగున నాపరాళ్ళు పరిచేశారు.

"పాల మాదిరి తెల్లగుండెరా. కండ్లారా చూసినా" అంది అక్క. అంత సంతోషంగా ఆమెను నేను చాలా ఏండ్లుగా చూడలేదు. నోరు మూసుకున్నాను.

బైబిల్లో ఇసుక మీద ఇల్లు కట్టినవాడి కథ వింటూ పెరిగినవాళ్ళం మేమిద్దరం. ఆ కథలో బుద్ధిలేనివాడు ఇల్లు కట్టినవాడు. ఇసుకను ప్లాటు చేసి అమ్మినవాడి మాట ఆ కథలో ఎక్కడా లేదు. ఏ ప్రసంగంలోనూ నేను వినలేదు.

మొదటి ఎండాకాలానికే గోడల మీద వెంట్రుకల్లాంటి చీలికలు వచ్చాయి. అక్క లప్పం పెట్టించింది. తర్వాత గుజరాత్‌లో భూమి కంపించిన జనవరి వచ్చింది. జెండా పండగ పొద్దున. మా దాకా వచ్చింది ఒక వణుకు మాత్రమే. ఆళ్లగడ్డలో మా ఇంటి గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. పొయ్యి పక్కన పడుకున్న పిల్లి కూడా లేవలేదు. నంద్యాలలో అక్క ఇంటి తూర్పుగోడ మాత్రం కిటికీ మూల నుంచి నేలదాకా మెట్లు మెట్లుగా చీలింది. వేలు దూరేంత సందు. ముందుగది బండలు ఒకవైపు కుంగాయి. తలుపు బిగుసుకుపోయి, పక్కింట్లో ఉండే బస్సు కండక్టరు భుజంతో గుద్దితే గాని తెరుచుకోలేదు.

నేను వెళ్ళేసరికి కాలనీ అంతా వీధిలోనే ఉంది. ఒకరి పగులు ఇంకొకరికి చూపించుకుంటున్నారు.

"మా ఆడది అరిచిన అరుపుకు పగిలిందనుకొంటి. భూకంపమని టీవీ చూసినాక తెలిసె" అంటున్నాడు కండక్టరు.

"నీ గురకకు పగిలింటాది, పో" అని అతని భార్య లోపల నుంచి జవాబిచ్చింది.

నవ్వులే నవ్వులు. ఎందుకు నవ్వరు? భూకంపమైతే సర్కారు ఏదో ఇస్తుందని అప్పటికే పుకారు పుట్టింది. ఆసామి కూడా వచ్చాడు. గోడను చేత్తో నిమిరి, చావు ఇంటికి వచ్చినవాడిలా ముఖం పెట్టాడు.

"దేవుని పని అక్కా. మనుషులం, మనమేం చేస్తాం?"

"ఆ దేవుడు ఆళ్లగడ్డలో లేడా?" అన్నాను. "ఆడ ఒక గిన్నె కూడా పడల్యా."

"మీది గట్టి నేలప్పా."

"నేనూ అదే అడుగుతాండా. మరి ఇదేం నేల?"

అతడు వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు.

పేపర్లో వార్త పడింది. పడేసరికి పైనుంచి ఒక ఇంజనీరును పంపారు, నష్టం చూసి రమ్మని. నడివయసు మనిషి. సుత్తితో గోడలు తట్టాడు, పగుళ్ళలో టార్చి వేసి చూశాడు. నేను వంక సంగతి చెప్తే ఓపిగ్గా విన్నాడు. వినడమే కాదు, తూర్పుగోడ పక్కన తవ్వి చూద్దామన్నాడు. కండక్టరు లుంగీ ఎగగట్టి గుంతలోకి దిగాడు.

పునాది రాళ్ళ అడుగుదాకా పోయాక సుద్ద కనబడింది. తెల్లగా, అక్క చెప్పినట్టే పాలలా. "ఇదో, సుద్ద!" అని కండక్టరు దాని మీద గడ్డపార వేశాడు. బెత్తెడు దిగగానే గడ్డపార చేతిలోంచి జారిపోయినంత పని అయింది. ఆ బెత్తెడు తెలుపు కింద నల్లటి బురద, ఇసుక, నత్తగుల్లలు. ఇంకొంచెం తీస్తే తెగిపోయిన హవాయి చెప్పు ఒకటి బయటికి వచ్చింది. ఎక్కడి నుంచో సుద్ద ట్రాక్టరుతో తెచ్చి గుంత అడుగున పరిచారు. దాని మీద అందరిచేతా టెంకాయలు కొట్టించారు, పాస్టరుచేత ప్రార్థన చేయించారు. లేకపోతే సుద్ద కింద చెప్పేంది? మా నంద్యాల భూమి హవాయి చెప్పులేసుకుని పుట్టిందా?

గుంతలో నీళ్ళు ఊరుతున్నాయి. అక్క అంచున నిలబడి చూసింది.

"నేను చూసిన తెలుపు ఇదేనా?"

కండక్టరు గడ్డపార పక్కన పెట్టి గుంతలోంచి పైకి వచ్చాడు.

ఇంజనీరు ఒక పళ్ళెం అడిగాడు. గుంతలో నుంచి తీసిన తడి ఇసుక అందులో పోసి, మీద ఒక గులకరాయి పెట్టి, పళ్ళెం అంచును వేళ్ళతో టకటక తట్టాడు. ఇసుక మీదికి నీళ్ళు తేలాయి. రాయి మునిగిపోయింది.

"కచ్‌లో చాలాచోట్ల జరిగింది ఇదే పెద్దాయనా. ఎండిన నేలలో నుంచి నీళ్ళూ ఇసుకా బుడబుడమని పైకి వచ్చాయి. నీళ్ళు నిండిన ఇసుకను గట్టిగా కుదిపితే అది నేలగా ఉండదు, గంజి అవుతుంది. ఇక్కడ అంత కుదుపు రాలేదు. ఈ గోడ ముందు నుంచే కుంగుతోంది. పగులు లోపల పాత లప్పం ఉంది, చూడండి."

"అంత కుదుపు వస్తే?"

"వచ్చినప్పుడు ఇందులో మనుషులు ఉండకూడదు."

చెప్పి వీధిలోకి వచ్చి, గుమిగూడినవాళ్ళతో ఇవి భూకంపం వల్ల పడిన పగుళ్ళు కావన్నాడు. కాలనీ అంతా ఒక్కసారి నా వైపు తిరిగింది.

"నువ్వు నోరు మూసుకోనుంటే ఏం పోయె పెద్దాయనా? నాలుగు దుడ్లు వస్తుండె గద" అంది కండక్టరు భార్య.

నేను జీపు దగ్గరికి పోయి ఇంజనీరును అడిగాను, సుద్ద పరిచిన సంగతి కూడా పైవాళ్ళకు చెప్పమని. "నా పని భూకంపం చేసిందా లేదా చూడటం. చేయలేదు. మిగతాది మీకూ, కట్టినాయనకూ మధ్య" అన్నాడు. జీపెక్కాడు. తెలియనివాడి మీద నాకు కోపం రాదు. ఈయనకు అంతా తెలుసు. పళ్ళెంలో పోసి చూపించేంత తెలుసు. పళ్ళెం మాత్రం మా చేతిలో పెట్టి పోయాడు.

రెండోనాడు ఆసామి నవ్వుకుంటూ వచ్చాడు. "ఆఫీసరే చెప్పె గదక్కా, భూకంపం ఏం చెయ్యల్యాదని! ఇంక భయమేంది? ఇల్లు బ్రహ్మాండంగ ఉన్నట్టే." మొన్న దేవుని పని అన్న నోరే అది.

నేను కోర్టన్నాను, పోలీసన్నాను. "అవి తెగేదాకా నేనుండొద్దా?" అంది అక్క. ఆసామే ఒక దారి చూపించాడు. పగులు పూడ్పించి రంగు వేయిస్తానన్నాడు. కొనేవాళ్ళను తనే తెస్తానన్నాడు. ఆ దుడ్లతో ఇంకెక్కడైనా ఉండొచ్చన్నాడు. "తీసుకరాప్పా, చూసుకుంటారు" అంది అక్క. గోడకు లేత నీలం రంగు పడింది. చంటిబిడ్డతో ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అడ్డం పడదామనే పోయాను. గొంతు సవరించుకుంటున్నాను, ఇంతలో అక్కే లేచింది. బిడ్డను ఎత్తుకున్న ఆ పిల్లకు మంచినీళ్ళిచ్చి, "రామ్మా, ఇంటి పక్క కూడా చూద్దువు" అని తీసుకుపోయింది.

తూర్పుగోడ పక్కన తవ్విన గుంతను ఆమె పూడ్చనివ్వలేదు. నాపబండ కప్పి ఉంచింది. నా చేత ఆ బండ జరిపించింది.

"ఇది కూడా ఇంట్లోదే తల్లీ. దీన్ని కూడా చూసి తీసుకోండి."

"అక్కా, ఇదంతా ఇప్పుడెందుకు?" ఆసామి గొంతులో మెత్తదనం పోయింది.

"నాకు చూపియ్యల్యా గదప్పా నువ్వు. వీళ్ళకన్నా నేను చూపిస్తాండా."

ఆ పిల్ల తొంగిచూసింది. గుంత పక్కన ఇంకా ఆ చెప్పు పడి ఉంది. బిడ్డను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, మొగుణ్ణి పిలవకుండానే రోడ్డు మీదికి నడిచింది.

అట్లా ఆ ఇల్లు అమ్ముడుపోలేదు. అక్క వెనక వంటగదిలోనే మంచం వేసుకుని, పగిలిన ఇంట్లోనే ఉండిపోయింది. రమ్మంటే వచ్చేది కాదు. కాలనీలో ప్లాటు చూడటానికి ఎవరు వచ్చినా కేకేసి గుంత చూపించేది. పక్కింటివాళ్ళు మాట్లాడటం మానేశారు. ఆమె వల్ల తమ ఇండ్లకు కూడా విలువ పోతోందట. మోసం చేసిన ఆసామితో కలిసి టీ తాగుతారు, మోసపోయిన టీచరమ్మను చూసి తలుపేసుకుంటారు! నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

కొన్నేండ్లకు కుందూ పొంగిన వానలు వచ్చాయి. మబ్బు పట్టగానే నేను పోయి, పోట్లాడి, అక్కను ఆళ్లగడ్డకు తెచ్చుకున్నాను. నీళ్ళు తీసినాక వెళ్ళి చూస్తే తూర్పుగోడ లోపలికి పడి ఉంది. పైకప్పు వంటగది మీదికి, ఆమె మంచం మీదికి ఒరిగి ఉంది. చూడవచ్చినవాళ్ళకు ఆసామి చెప్తున్నాడు: "అప్పటి భూకంపం దెబ్బ. ఆ పొద్దే పగిలింది గద పాపం." భూకంపం మళ్ళీ వచ్చిందన్నమాట, అతనికి అవసరమైన పొద్దుకు.

అక్క నా దగ్గరే ఉంటోంది. ఇంటి ఊసెత్తదు. నేను నంద్యాల పోయి వచ్చినప్పుడు మాత్రం ఒకే ప్రశ్న: "గుంత ఉందా?" ఉందనేవాణ్ణి. ఒక సాయంత్రం లేదని చెప్పాల్సి వచ్చింది.

"పూడ్చినారక్కా."

"దేంతో?"

"సుద్దతో. పక్క ప్లాట్లో కొత్త పునాది తీసినారు. అందులో పరవంగ మిగిలింది నీ గుంతలో పోసినారు."

"రాయి దించినారా?"

"ఇంకా ల్యా. రేపు పొద్దున టెంకాయంట."

చీరకొంగు నడుముకు దోపుకుంది. "మన గడ్డపార యాడుంది?"

"ఎందుకు?"

"తొంగిచూసినా గాని, పొడిచి చూడకపోతి. వాళ్ళకన్నా పొడిచి చూపిద్దాం. మొదటి బస్సుకే పోవల్ల. బేగా లెయ్యి."

పొద్దున బస్సులో టికెట్లు కొట్టే కుర్రాడు గడ్డపారను చూసి, "ఏం పెద్దాయనా, దీనికి కూడా సీటు కావాల్నా?" అన్నాడు. కావాలన్నాను. అక్కకూ నాకూ మధ్య నిలబెట్టుకున్నాను.

పునాది దగ్గర ఇంటివాళ్ళంతా కొత్తబట్టల్లో ఉన్నారు. గుంత అడుగు తెల్లగా మెరుస్తోంది. చాలా ఏండ్ల తర్వాత ఆసామి నోటి నుంచి "అక్కా" అన్న మాట వచ్చింది, ఆగమని. అక్క ఆగలేదు. నేను అంచున నిలబడి నా బలం కొద్దీ పొడిచాను. గడ్డపార తెల్లగా దిగి నల్లగా పైకి వచ్చింది. మొన నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంటి యజమాని ఆ మొనను చూశాడు, ఆసామి ముఖం చూశాడు. చేతిలోని టెంకాయను కొట్టకుండా సంచిలో పెట్టుకున్నాడు.