ఆరో నంబరు

మా ఆవిడకి వీధుల్లో ఉన్న పేరు మీటరమ్మ. అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది గానీ ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. కరెంటు మీటరు రీడింగు చూసి, చేతిలోని మెషిన్‌లోంచి బిల్లు చింపి ఇవ్వడం ఆమె ఉద్యోగం. కొందరు మీటరు మెట్ల కింద పెట్టించుకుంటారు, కొందరు మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టించుకుంటారు. ఎక్కడ పెట్టించుకున్నా దాని ముందు ఒక పాత సైకిలో విరిగిన కుర్చీయో అడ్డం వెయ్యడం మాత్రం ఎవరూ మరిచిపోరు. కాలికి బలపం కట్టుకుని తిరగడం అంటారే, ఆ మాట మా ఆవిణ్ణి చూశాకే ఎవరో అని ఉంటారు. నేను స్కూలు బస్సు డ్రైవర్ని. పొద్దస్తమానం ఇద్దరమూ తిరిగే వాళ్ళమే గానీ నేను కూర్చుని తిరుగుతాను.

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె చేసే మొదటి పని బూట్లు విప్పడం. రెండో పని అంటూ ఉండదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని అలాగే కూలబడిపోతుంది. పలకరిస్తే ఊఁ అంటుంది. ఇంకోసారి పలకరిస్తే అది కూడా అనదు. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసి టబ్బు ముందు పెడితే, ఎవరివో కాళ్ళు అందులో పెడుతున్నట్టు పెడుతుంది. చిటికెనవేలు పక్క వేలి కిందికి దూరి అక్కడే కాపురం పెట్టేసింది. బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడతాయి, ఊడతాయి, మళ్ళీ మొలుస్తాయి, మళ్ళీ నల్లబడతాయి. మడమల సంగతి అడక్కండి.

మామగారు మాతోనే ఉంటారు. అత్తగారు పోయాక వచ్చేశారు. అల్లుడు ఇల్లరికం వెళ్ళడం విన్నాం గానీ మామగారు ఇల్లరికం రావడం మీ ఇంట్లోనే చూశామని మా బస్సులో పనిచేసే ఆయా నవ్వుతుంది. నాకేం ఇబ్బంది లేదు. మాట తక్కువ మనిషి, ఎవరి జోలికీ వెళ్ళరు. ఒక్క పాదాల విషయంలోనే ఆయనతో వాదించడం బ్రహ్మతరం కాదు. జీవితమంతా ఒక చెప్పుల షాపులో సేల్స్‌మన్‌గా చేశారు. మనిషి ఇంకా మెట్లెక్కుతుండగానే కాళ్ళు చూసి నంబరు చెప్పేసేవారట. పెళ్ళికి ముందు మొదటిసారి నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, జీతం ఎంతని అడుగుతారోనని నేను జవాబు సిద్ధం చేసుకుంటుంటే, ఆయన నా కాళ్ళకేసి చూసి "ఎనిమిది" అన్నారు. అంతే, ఇంకేమీ అడగలేదు. నాది ఎనిమిదే.

కూతురిది ఆరో నంబరని, ఆమె స్కూల్లో ఉన్నప్పుడే ఆయన తేల్చేశారు. అప్పట్నుంచీ ఏ జత కొన్నా ఆరే. ఏ షాపులోనైనా నంబరెంత అంటే, మా ఆవిడ సొంత పేరు చెప్పినట్టు టక్కున ఆరు అనేస్తుంది. ఇంకో నంబరు తొడిగి చూద్దామన్న ఆలోచనే ఆమెకి రాలేదు. తప్పు పట్టడానికి లేదు. వంటవాడి ఇంట్లో ఉప్పు ఎక్కువైందని ఎవరంటారు? కొత్త జత వేసుకున్నప్పుడల్లా ఆయన ఎలా ఉన్నాయమ్మా అని అడిగేవారు. హాయిగా ఉన్నాయి నాన్నా అని ఆమె చెప్పేది. నా పెళ్ళయిన నాటి నుంచీ ఈ ప్రశ్నా ఈ జవాబూ వింటూనే ఉన్నాను.

కిందటి వేసవి అయ్యేసరికి ఆమె పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వెయ్యడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. డాక్టరమ్మ పాదాన్ని అక్కడా ఇక్కడా నొక్కి చూసి, ఇలాగే తిరిగితే కొన్నాళ్ళకి అసలు తిరగలేవంది. అడుగు మెత్తగా, ముందువైపు వెడల్పుగా ఉండే రన్నింగ్ షూస్ కొనుక్కోమంది. సరిపోయే సైజు తీసుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పింది. అవతల సూపర్‌వైజరు కూడా సణగడం మొదలుపెట్టాడు. నెలాఖరుకి ఆమె రూటులో ఇళ్ళు మిగిలిపోతున్నాయట. వచ్చే నెలా మిగిలితే రూటు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. రూటు పోతే ఉద్యోగం పోయినట్టే. నడవడమే గగనమైపోతుంటే పరిగెత్తేవాళ్ళ బూట్లు నాకెందుకండీ అని మా ఆవిడ ఒక పొడి నవ్వు నవ్వింది.

బూట్లు కొనడానికి మామగారు బయల్దేరకుండా ఉంటారా? చూపు బాగా మందగించింది, పేపరు కూడా భూతద్దం పెట్టుకునే చదువుతారు. అయినా చొక్కా మార్చుకుని మాకంటే ముందు గేటు దగ్గర నిలబడ్డారు. అది అద్దాల షాపు. గోడ నిండా రంగురంగుల బూట్లు. సేల్స్ అమ్మాయి నేల మీద ఒక కొలత పలక పెట్టి, దీని మీద నిలబడండి మేడమ్ అంది. మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. నేనుండగా పలకెందుకమ్మా అని, మోకాళ్ళు కటకటమంటుంటే నేల మీద చతికిలబడి, కూతురి పాదం తీసి తొడ మీద పెట్టుకున్నారు. షాపులో అందరూ చూస్తున్నారని మా ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. ఆయన బొటనవేలితో పాదాన్ని మడమ నుంచి వేళ్ళ దాకా నొక్కుకుంటూ వెళ్ళి, చివర్న ఆగారు. తర్వాత "ఆరు" అన్నారు.

ఊదారంగు జత తెచ్చారు. మా ఆవిడ షాపు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వచ్చింది. నేను ఆమె మొహం చూస్తున్నాను, ఆమె వాళ్ళ నాన్న మొహం చూస్తోంది. హాయిగా ఉన్నాయి అంది. సేల్స్ అమ్మాయి ఏదో చెప్పబోయి, పెద్దాయన్ని చూసి ఊరుకుంది.

ఆ హాయి మూడో అంతస్తు మెట్ల మీద బయటపడింది. రీడింగు చూసి దిగుతుంటే మడమ కలుక్కుమని, చివరి మెట్ల మీద నుంచి జారిపడింది. ఆ ఇంటివాళ్ళే స్కూటరు మీద తెచ్చి దింపారు. బూటు విప్పితే మేజోడుతో పాటు గోరు కూడా ఊడి వచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ పెద్దమనిషి సంగతి ఇప్పుడే తేలుస్తానని లేచాను. ఆయన వెనక గదిలో రేడియో వింటున్నారు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. చిన్నగా, ఆయనకి వినపడకుండా అంది.

"ఆయనకి చూపు పోతోంది. అమ్మ పోయింది. ఆ షాపు కూడా మూసేశారు. ఇంక ఆ ఒక్క మాటే మిగిలింది ఆయనకి. అది తప్పని నేను చెప్పలేనండీ."

"మరి నీ కాళ్ళు?"

ఇద్దరమూ అలిసిపోయి ఉన్నాం. అలిసిపోయినవాళ్ళు నిజం చెప్పడం కంటే దొంగతనం చెయ్యడం సులువనుకుంటారు. మేమూ అదే చేశాం.

గాయం ఆరాక ఆయనకి చెప్పకుండా మళ్ళీ అదే షాపుకి వెళ్ళాం. ఈసారి పలక మీద నిలబడింది. అమ్మాయి వంగి చూసి, "ఏడున్నర మేడమ్. ముందు వెడల్పు కూడా కావాలి" అంది. మా ఆవిడ పలక దిగి, మళ్ళీ ఎక్కి, ఇంకోసారి చూడమంది. మళ్ళీ ఏడున్నరే. కొత్త జత తొడుక్కుని షాపు చివరిదాకా నడిచి, అక్కడ గోడకేసి తిరిగి నిలబడిపోయింది. సరిపోలేదేమోనని దగ్గరికి వెళ్ళాను. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

"వేళ్ళు కదులుతున్నాయండీ" అంది.

అదే ఊదారంగు, అదే కంపెనీ. ఇంటికొచ్చే ముందు పార్కు బెంచీ మీద కూర్చుని, బూటు నాలుక మీద ఉన్న నంబరు చీటీని బ్లేడుతో కత్తిరించి పారేశాను. పెళ్ళాం బూట్లకి నంబరు ప్లేటు పీకే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. పాత జతని బస్సు సీటు కింద దాచాను. ఆ వారం ఆమె వీధులు త్వరగానే ముగించుకొచ్చింది. మడమ నొప్పి ఇంకా ఉంది గానీ గోడ పట్టుకోవడం తగ్గింది. మామగారు మామూలుగా ఎలా ఉన్నాయమ్మా అనడిగితే, హాయిగా ఉన్నాయి అని మామూలుగానే చెప్పింది. ఆ మాట ఈసారి నిజమే అయినా ఆమె తల వంచుకునే చెప్పింది.

మా ఇంట్లో గుమ్మం దగ్గర బూట్లూ చెప్పులూ తుడిచి వరసగా పెట్టే పని మామగారిదే. ఎవరూ అప్పజెప్పలేదు, ఆయనే పెట్టుకున్నారు. ఆ ఆదివారం మా ఆవిడ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. ఆయన ఊదా బూటు ఒకటి చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయారు. మణికట్టు దాకా చెయ్యి లోపలికి పెట్టి వేళ్ళతో తడిమారు. నన్ను పిలిచారు.

ఇది మొన్నటి జత కాదు కదా అని అడిగారు. అదేనండీ మావయ్యా అని నీళ్ళు నమిలాను. ఆయన ఇంకో బూటులో కూడా చెయ్యి పెట్టారు. నాకేమో లోపల అణుచుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"కాదు. అది ఆరు కాదు మావయ్యా, ఏడున్నర. మీ అమ్మాయిది ఏడున్నర."

"ఏడున్నరా?" అన్నారాయన. "నేను ఏడనుకున్నాను."

ఆ మాట ఎంత మామూలుగా అన్నారంటే, నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమై, అనుకున్నారా, ఎప్పట్నుంచి అని అడిగేలోపు ఆయన నా వెనక్కి చూస్తున్నారు. ఖాళీ బకెట్టు పట్టుకుని మా ఆవిడ మెట్ల దగ్గర నిలబడి ఉంది.

ఇక ఆయన దాచలేదు. షోకేసులో పెట్టే శాంపిల్ జతలన్నీ ఒకే నంబరువి ఉంటాయట. ఆడవాళ్ళవైతే వాళ్ళ షాపులో ఆరు. సీజను మారాక అమ్ముడుపోని ఆ జతల్ని పనివాళ్ళకి ఇచ్చేసేవారు. షోకేసులో ఒక కాలిదే పెడతారు కాబట్టి అది ఎండకి వెలిసిపోయేది, డబ్బాలో ఉన్న రెండోది కొత్తగా ఉండేది. కూతురి పాదం ఆరుకి వచ్చినప్పుడు ఆయన ఎంతో సంతోషించారు, ఇక చెప్పుల బెంగ లేదని. పాదం అక్కడ ఆగలేదు. షాపు నిండా జతలున్నా, ఏడో నంబరు కొనిపెట్టే స్తోమత ఆయనకి లేదు. నీది ఆరే అన్నారు. చెప్పుల విషయంలో ఆయన మాటకి ఇంట్లో తిరుగులేదు.

"మరి తర్వాత?" అంది మా ఆవిడ. "నా జీతంతో నేను కొనుక్కున్నప్పుడు?"

"అప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావని..."

"మొన్న? నా పాదం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు?"

ఆయన చేతిలోని బూటు కింద పెట్టారు. "మొన్నా అంతే తల్లీ. నోరు రాలేదు."

నేను తిడుతుందనుకున్నాను, లేదా పోనీలే నాన్నా అంటుందనుకున్నాను. రెండూ అనలేదు. బకెట్టు కింద పెట్టింది.

"బూట్లు బాగానే ఉన్నాయి, నా కాళ్ళే బాగాలేవనుకున్నాను నాన్నా. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను."

ఆ తర్వాత ఇంట్లో మాటలు పొదుపైపోయాయి. ఆమె ఆయనకి టీ ఇచ్చేది, మందులిచ్చేది, మొహం మాత్రం చూసేది కాదు. ఆయన బూట్లు తుడవడం మానేశారు. నాకు ఆయన మీద కోపం పోలేదు, జాలి కూడా పోలేదు. రెండూ కలిసి ఒకే కడుపులో ఉండటం ఎంత చిరాకో అప్పుడు తెలిసింది. బస్సులో పిల్లలు గోల చేస్తుంటే ఊరికే కసురుకునేవాణ్ణి.

నెలాఖరు రోజున ఆమె చీకటి పడబోతుండగా వచ్చింది. ఒక్క ఇల్లు కూడా మిగల్లేదట. సూపర్‌వైజరు లెక్క చూసుకుని, మెచ్చుకోనూ లేదు, ఏమీ అననూ లేదు. రూటు ఆమెదే. ఆ మాట చెప్పడానికి కూడా ఓపిక లేనట్టు చెప్పి, గుమ్మం పక్కన గోడకి జారబడింది. వంకరపోయిన వేలు ఇక సాపు కాదని, మడమ తేరుకోవడానికి చాలాకాలం పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. సరైన బూట్లు ఇకముందు జరిగేదాన్ని ఆపుతాయి గానీ జరిగినదాన్ని తిప్పలేవు.

మామగారు గది లోంచి గోడ తడుముకుంటూ వచ్చి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. బూట్లెలా ఉన్నాయని అడగలేదు.

"నొప్పిగా ఉందా అమ్మా?"

నాకు తెలిసిన జవాబు కోసం ఎదురుచూశాను. ఆమె కూడా ఆ జవాబు నోటిదాకా వచ్చినట్టు పెదవులు కదిపి, ఆగింది.

"ఉంది" అంది.

"ఎక్కడ?"

ఆమె కాళ్ళు రెండూ ఆయన ముందుకి చాపింది. ఆయన చెయ్యి పట్టుకుని చిటికెనవేలి మీద పెట్టి, ఇక్కడ అంది. తర్వాత బొటనవేలి మీద పెట్టింది. తర్వాత మడమ కింద. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఏది ఎప్పుడు మొదలైందో, ఏ జతతో మొదలైందో ఆమె ఒక్కొక్కటే చెప్తూ పోయింది, ఆయన తల వంచుకుని వింటూ కూర్చున్నారు. అన్నీ చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.