శివరాత్రి దాకా ఆగమన్న అవ్వ

మొన్న శ్రావణంలో ఒక ఉదయం ఫోన్ మోగింది. "అక్కా, అత్త పోయింది. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నది. లేపితే లేవలే." చేసింది అవ్వ కోడలు. ఏడవడం లేదు. వెంటనే రెండో మాట చెప్పింది. "బుధవారం నాడు సర్వే సారు వస్తడట. నువ్వు మషీన్ పట్టుకొని రా." మషీన్ అంటే నా కెమెరా.

హైదరాబాద్‌లో ఎవరిదో పెళ్ళి వీడియో ఎడిట్ చేస్తూ కూర్చున్నాను. తెర మీద పెళ్ళికూతురు నవ్వుతూ ఆగిపోయి ఉంది.

అవ్వ నాకు చుట్టం కాదు. పాఠం చెప్పిన టీచరూ కాదు, బడి గడప తొక్కలేదని ఆమే చెప్పేది. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పల్లెలో నాలుగెకరాల నల్లరేగడి చేసుకునే మనిషి. ఆ ఊరి భూములు పోకుండా నిలబడిన ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. నేను కాలేజీ చివరి ఏడాదిలో ఆ సంఘం మీద డాక్యుమెంటరీ తీశాను. పెద్ద పెద్ద మాటలు చెబితే ఆమెకు నచ్చదు కాబట్టి చెప్పను. ఒక్క మాట మాత్రం దాచుకోలేను. నేను నోరు తెరుచుకుని చూసిన మనుషులు ఈ లోకంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళలో మొదటి మనిషి ఆమె.

మాది జహీరాబాదే అని అందరికీ చెబుతాను. అది సగం నిజం. నాన్న గోదావరి జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చారు. నేను కాలనీ ప్రహరీ లోపల పెరిగాను. చుట్టుపక్కల పల్లెలను బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప దిగిన పాపాన పోలేదు. ప్రాజెక్టుకు ఆ ఊరు ఎంచుకున్నానంటే నాన్న, "అక్కడ తీయడానికి ఏవుందే? వానాకాలంలో కూడా అంతా బీడే కదా" అన్నారు. కాలవ కింద పుట్టి పెరిగిన మనిషి. శ్రావణంలో నాట్లు పడలేదంటే ఆ చేను చచ్చినట్టేనని ఆయన నమ్మకం. నా కళ్ళూ ఆయనవే.

సంఘాన్ని మొదట చూసింది మండలాఫీసు ఆవరణలో, ఒక సోమవారం. ధర్నా అంటే జెండాలూ నినాదాలూ ఉంటాయనుకుని వెళ్ళాను. ఇరవై మంది ఆడవాళ్ళు వరండా నీడలో కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఒకామె చేటలో పప్పు ఏరుతోంది, ఇద్దరు కలిసి బొంత కుడుతున్నారు. పరిశ్రమల కోసం ఊరి భూములు తీసుకుంటారన్నది అప్పటి కబురు. ముందు జరిగిన సర్వే కాగితంలో ఆ భూములన్నిటి పక్కనా 'సాగులో లేదు' అని రాసి ఉంది. సాగులో లేని నేల తీసుకుంటే ఎవరు కాదనగలరు? ఆ రెండు మాటలు మార్పించడమే సంఘం పని. అందుకోసం ప్రతి సోమవారం ఒకే దరఖాస్తు, ఒకే మాట. అయితే చెప్పే మనిషి మాత్రం ప్రతిసారీ వేరు. ఈ వారం మాట్లాడినామె మిగతా అందరి వంతూ అయ్యేదాకా మళ్ళీ నోరు విప్పకూడదు. అవ్వకైనా అదే నియమం.

"మీరు పెద్దవారు కదా, మీరే మాట్లాడితే వింటారేమో" అన్నాను తెలివిగా.

"ఒక్క నోరుంటే ఒక్కదాన్ని మూస్తరు బిడ్డా. ఇరవై ఉంటే ఎన్ని మూస్తరు?" అంది. అంటూనే గుడ్డలో కట్టుకొచ్చిన జొన్న రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టింది. ఎవరు పక్కన కూర్చున్నా ఆమె రొట్టెలో సగం వాళ్ళది. తమ దరఖాస్తు తిప్పి పంపిన ఆఫీసరు జీపు డ్రైవరుకు కూడా పెట్టడం నేను చూశాను. తరువాతి సోమవారం ఆ డ్రైవరే వాళ్ళకు మంచినీళ్ళ కుండ తెచ్చి పెట్టాడు.

అదే నెలలో, శ్రావణంలో, ఆమె చేను తీశాను. నల్లటి నేల, ఒక్క గడ్డిపోచ లేదు, పైన మబ్బులు. నాకు తెగ నచ్చేసింది. ఇంటికొచ్చి, గొంతు కాస్త బరువు చేసుకుని, "ఒకప్పుడు పచ్చగా నవ్విన ఈ నేల ఇప్పుడు బీడై తన బిడ్డల కోసం ఎదురుచూస్తోంది" అని చెప్పి రికార్డు చేశాను. పన్నెండు నిమిషాల సినిమా. కాలేజీలో చప్పట్లు కొట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు. అందరూ చూడాలని నెట్‌లో పెట్టాను. చూడనిదల్లా అవ్వ ఒక్కతే. ఆమెకు చూపించాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. చదువుకున్న అహంకారం అంటే అలాగే ఉంటుంది.

కొన్నాళ్ళకు ఊళ్ళో గ్రామసభ పెట్టారు. నేను కెమెరా పట్టుకుని ముందు వరుసలో నిలబడ్డాను. సంఘం ఆడవాళ్ళు మా భూమి సాగులోనే ఉందని చెప్పారు. వచ్చిన ఆఫీసరు మంచిగానే విన్నాడు. విని, జేబులోంచి ఫోన్ తీసి మైకు దగ్గర పెట్టాడు. సభంతా నా గొంతు వినబడింది. ఒకప్పుడు పచ్చగా నవ్విన ఈ నేల ఇప్పుడు బీడై.

"మీ తరఫున తీసిన సినిమాలోనే బీడని చెప్పిన్రు కదమ్మా" అన్నాడు.

ఇరవై మంది తిరిగి నన్ను చూశారు. కెమెరా నడుస్తూనే ఉంది. కాళ్ళ కింద నేల విచ్చుకుంటే బాగుండుననుకున్నాను. అవ్వ లేచింది. "ఇంకోపారి పెట్టు సారూ" అంది. ఆయన మళ్ళీ పెట్టాడు. తల వంచి మొత్తం విన్నది.

"పిల్ల తప్పు చెప్పింది. గామెకు తెల్వదు, మీకు సుత తెల్వదు. శివరాత్రి దాకా ఆగుండ్రి. గప్పుడు వచ్చి చూడుండ్రి."

"ఫైలు శివరాత్రి దాకా ఆగదమ్మా."

"వాన పడంగ మేం గింజ ఎయ్యకుండ ఆగుతున్నం. కాగితం ఆగదా సారూ?"

ఆయన ఏమనుకున్నాడో, ఆధారం ఏదైనా ఉంటే పట్టుకురమ్మని, అందాకా అభ్యంతరం ఉన్నట్టు రాసుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు.

సభ అయ్యాక ఏడ్చాను. అవ్వ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. చేయి పట్టుకుని చేను గట్టుకు తీసుకెళ్ళింది. గట్టు మీద కూర్చోబెట్టి నా చేతిని మణికట్టు దాకా నేలలోకి నొక్కింది.

"ఏమున్నది?"

"తడి."

"గదే పంట. మాది యాసంగి జొన్న. వానంత నేలకు తాపుతం. వానలు వెనుకకు పోయినంక గింజ ఏస్తం. గడ్డి మొలిస్తే బీడు బిడ్డా. గడ్డి సుత లేదంటే ఆడ మనిషి ఉన్నట్టు."

నేను మళ్ళీ చూశాను. నేను ఖాళీ అనుకున్నది ఖాళీ కాదు. వాన పడి వెలిసిన ప్రతిసారీ ఎడ్లను కట్టి గుంటక తోలి, మొలిచిన కలుపును మొలిచినట్టే పీకి పారేసి, నేల మీద పొడి మట్టి దుప్పటిలా కప్పి తడిని లోపల దాచిన చేను అది. ఆ నున్నటి నలుపంతా పనే. అంత పని జరిగిన చోట నిలబడి ఏమీ లేదని నేను కవిత్వం చెప్పాను. అప్పుడు కలిగినది సిగ్గో భయమో భక్తో నాకే తెలియలేదు. మూడూ అనుకుంటాను.

"నీ మషీన్ తోనే పోయింది, నీ మషీన్ తోనే రావాలె" అంది అవ్వ. గట్టు మీద ఒక బండ చూపించింది. "గీ బండ మీదికెల్లే తియ్యి. జరిగేది లేదు. పదిహేను దినాలకోపారి రా."

అలా ఆరు నెలలు వెళ్ళాను. ఆదివారం జహీరాబాద్‌లో బస్సు, న్యాల్‌కల్‌లో దిగి ఆటో, ఆపైన నడక. ఒకే బండ, ఒకే చోటు. దసరా ముందు విత్తడం తీశాను. తరువాత సూదుల్లాంటి మొలకలు. మధ్య సాళ్ళలో శనగ, చుట్టూ కంచెలా ముళ్ళ కుసుమ. విత్తాక ఒక్క వాన చుక్క పడలేదు. నాకు కంగారు. "అవ్వా, నీళ్ళు ఎప్పుడు పెడతారు?" అని అడిగితే ఆడవాళ్ళంతా నవ్వారు. "పెట్టినం గదా, శ్రావణంలనే" అంది అవ్వ. సంక్రాంతి దాటేసరికి జొన్న నా తల మించి లేచింది. ఎప్పుడో తాగిన నీళ్ళ మీద, నెర్రెలు విచ్చిన నేలలో, ఆకులు కళకళలాడుతూ నిలబడింది. దాని ముందు నేను చిన్నపిల్లనైపోయాను. ఇంతటి సంగతి మా కాలనీ గోడకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఏటేటా జరుగుతుంటే ఇరవై ఏళ్ళు నాకు తెలియకుండా పోయింది.

ఎండ ఎక్కువైతే అవ్వ తన చెంగు కెమెరా మీద కప్పేది, మషీన్‌కు ఎండదెబ్బ తగులుతుందట. తనను తీయబోతే మొహం తిప్పుకునేది. "నన్ను గాదు, చేను దిక్కు పెట్టు." ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల. మరీ విసిగిస్తే కన్నడం వచ్చేసేది. "సాకు, సాకు" అనేది, ఇక చాలని. ఆ మాట వినబడితే కెమెరా మూయాల్సిందే.

శివరాత్రికి కోత అయింది. అంతా కలిపి వాళ్ళింట్లో, గోడకు తెల్ల పంచె కట్టి చూపించాను. ఈసారి ముందు అవ్వే చూసింది. నేను కొత్తగా రాసి చదివిన వ్యాఖ్యానం ఉంది అందులో, తప్పు ఒప్పుకుంటూ, బాగా కష్టపడి రాసుకున్నది. అవ్వ సగంలో ఆపించింది.

"నీ మాట తీసెయ్ బిడ్డా."

"ఎందుకవ్వా? ఇప్పుడు నిజమే చెప్పాను కదా."

"చేను చెప్తున్నది గదా. నడుమ నువ్వెందుకు?"

తీసేశాను. గాలి చప్పుడు, ఎడ్ల మువ్వలు, కంకుల మీద పిట్టల అరుపులు మిగిలాయి. ఆ సినిమానే సోమవారం ఆఫీసులో పెట్టాం. ఆరు నిమిషాలు. గ్రామసభకు వచ్చిన ఆఫీసరే చూశాడు. చూసి, మళ్ళీ సర్వే చేయించాలని పైకి రాస్తానన్నాడు. ఆ 'పైకి' అన్నది ఎంత దూరమో వాళ్ళకు తెలుసు. రెండేళ్ళ పైనే పట్టింది. ఆ రెండేళ్ళూ సోమవారాలు ఆగలేదు. చివరికి సర్వేకు తేదీ వచ్చింది. వచ్చింది మళ్ళీ శ్రావణంలోనే, చేను నల్లగా ఉండే రోజుల్లోనే. ఆ కబురు వచ్చిన వారానికే అవ్వ పోయింది.

నేను వెళ్ళేసరికి మట్టి చేయడం అయిపోయింది. ఆమె చేను గట్టు చివరే పెట్టారు. మైల ఇంట్లో వంట లేదు, పొరుగింటి నుంచి వచ్చిన అన్నం తిన్నాం. ఎవరూ అవ్వ గురించి పెద్దగా మాట్లాడలేదు. బుధవారం ఎవరి వంతు అన్నది మాట్లాడుకున్నారు.

బుధవారం తుంపర పడుతోంది. వచ్చిన సర్వేయరు కుర్రవాడు, కొత్తగా బదిలీ అయి వచ్చాడు. గట్టు మీద నిలబడి చేను చూశాడు, కాగితం చూశాడు. "ఇక్కడేం లేదు కదమ్మా" అన్నాడు.

చెప్పడానికి నోరు తెరిచాను. వెంటనే మూసుకున్నాను. నా మాట తీసేయమని చెప్పిన మనిషి నాలుగు గజాల దూరంలో మట్టిలో ఉంది.

కోడలు ముందుకొచ్చింది. నేను తీసిన ఆరు నెలల్లోనూ ఆమె ఒక్కసారి కూడా మాట్లాడలేదు, కెమెరా చూస్తే లోపలికి పోయేది.

"గడ్డి ఉన్నదా సారూ?"

అతను వంగి చూశాడు. "లేదు."

"వానలు పడుతున్నయి గదా. ఎందుకు లేదు?"

కోడలు పక్కనున్నామె, "మా చేన్ల నాలుగుసార్లు గుంటక తోలినం" అంది. ఇంకొకామె, "పోయినేడు ఈ చేనుకెల్లి తెచ్చిన జొన్నలు ఇంట్ల ఉన్నయి, చూపిస్త రా" అంది. ఇంకొకామె అతని చేయి అడిగి తీసుకుని నేలలో పెట్టించింది. ఒకరు చెప్పింది మరొకరు చెప్పలేదు. ఒకరు రెండుసార్లు మాట్లాడలేదు. అందరూ అయ్యేసరికి అతని చొక్కా తడిసిపోయింది. జేబులోంచి పెన్ను తీసి రాశాడు.

"ఏం రాసినవ్, చదువు సారూ" అంది కోడలు.

"సాగులో ఉన్నది. యాసంగి జొన్న."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇద్దరు ముగ్గురు చెంగుతో మొహం తుడుచుకున్నారు, అది వానకో దేనికో నాకు తెలియదు. అతను కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. జీపు అవతలి గట్టు దగ్గర ఉంది. చేనుకు అడ్డంగా నడిస్తే రెండు నిమిషాలు. అతను ఒక కాలు చేనులోకి దించబోయి ఆగాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. బూట్లు విప్పి చేతిలో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బురదలో జారుతూ, ఆ నల్లటి చేను చుట్టూ గట్టు మీదుగానే నడిచి వెళ్ళాడు.