తల్లికి వదిలిన మూల

శ్రావణమాసం రెండో ఆదివారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు, మొయినాబాద్ రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాల్లో, నేను కుట్టిన బొంతను మా వియ్యపురాలు రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తింది. చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తింది. టైము ఇంత బాగా ఎట్లా గుర్తుందంటే, అప్పుడే ఎదురుగా గోడ మీది గడియారం చూశాను. కోపం వచ్చినప్పుడు మనిషి మొహం చూడకు, గోడ చూడు అని మా అత్త చెప్పేది. చూశాను. కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు, అందుకే రాస్తున్నాను.

ఆ రోజు నా చిన్నబిడ్డ కూతురికి తొట్టెల. పసిపిల్లను మొదటిసారి తొట్టెలో వేసి, పేరు పెట్టి, పాట పాడే పండుగ. మా పక్క ఆనవాయితీ ఏమిటంటే, ఆ తొట్టెలో కింద పరిచేది అమ్మమ్మ ఇంటి బొంత. పాతబట్టల బొంత. కొత్త పరుపు కాదు, అంగడిలో దొరికే నురుగు దిండు కాదు.

నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి. మా ఊరు చిన్న మంగళారంలో సాయంత్రం పూట ఒక టీచరమ్మ పెద్దవాళ్లకు చదువు చెప్పేది, అక్కడ నేర్చుకున్నాను. కాబట్టి తిప్పి తిప్పి రాయడం నాకు రాదు. ఉన్నదున్నట్టు చెబుతాను. తప్పనిపిస్తే అనుకోండి.

బొంత అంటే చిరుగుల మూట అనుకునేవాళ్లకు ముందు ఒక సంగతి చెప్పాలి. పిల్ల కడుపులో పడ్డదని తెలిసినప్పటి నుంచి నేను బట్ట అడుక్కున్నాను. అవును, అడుక్కోవాలి. మన ఇంట్లో ఎంత ఉన్నా నలుగురి ఇళ్లలోంచి తేవాలి. బాగా బతికిన మనిషి కట్టి, ఉతికి, ఆరేసి, మళ్లీ కట్టిన బట్ట తేవాలి. అట్లాంటి బట్ట మీద పడుకున్న పిల్లకు ఆయుష్షు అని మా అత్త నమ్మేది. నేను ఆయుష్షు సంగతి చెప్పలేను కానీ, ఆ మెత్తదనం సంగతి మాత్రం చెప్పగలను. ఏ దుకాణంలోనూ దొరకదు.

అడుగున మా ఆయన ధోతి. ఆయన పోయాక పెట్టెలోనే ఉంది. దాని మీద నా చీరలు మూడు వరసలు. పైన అతికిన ముక్కల్లో మా యారాలిది, అంటే మా మరిది భార్యది, ఎర్ర నేతచీర కొంగు ఉంది. పక్కింటి ఖాలా, అంటే మేమంతా పిన్నమ్మ వరసలో పిలిచే సాయిబుల ముసలమ్మ, ఇచ్చిన పచ్చ కుర్తా ఉంది. ఎంకపల్లి నుంచి మా ఆడబిడ్డ పంపిన నీలం లంగా ముక్క ఉంది. దవాఖానలో నా బిడ్డ వేసుకున్న వదులు నైటీ అంచు కూడా ఉంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మా అరుగు మీద బట్ట పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, ముగ్గురం కూర్చునేవాళ్లం. రోడ్డు మీద ఫామ్‌హౌసులకు పోయే కార్లు హారన్లు కొట్టుకుంటూ పోయేవి. మేము తల ఎత్తేవాళ్లం కాదు. యారాలు ఒక వైపు నుంచి, నేను ఇంకో వైపు నుంచి కుట్టు తీసుకుంటూ వచ్చి మధ్యలో ఎదురుపడితే, ఎవరి కుట్టు వంకర పోయిందో ఖాలా తీర్పు చెప్పేది.

"మీ ఇద్దరిదీ ఒంకరనే. మొయినాబాద్ బస్సు లెక్క పోతున్నది," అనేది.

"నీ కండ్లకు ఏది సక్కగ కనపడుతది ఖాలా? మొన్న ఉప్పనుకొని చాయల శక్కర పోసినవ్," అనేది యారాలు.

"చాయల శక్కరనే పొయ్యాలె, పిచ్చిదానా!"

అట్లా నవ్వీ నవ్వీ సూది చేతిలో గుచ్చుకునేది. కడుపు నిండా నవ్విన రోజులవి. ఆ బొంతలో నా కోపం ఒక్క కుట్టులోనూ లేదు. కోపం అంతా తర్వాత వచ్చింది.

అయితే వియ్యపురాలి ఇంటి ముక్క మాత్రం రాలేదు. వాళ్లకు చేవెళ్లలో బట్టల దుకాణం. ఫోన్ చేసి అడిగాను. "వదినె, నీదో మా అన్నదో పాత నూలుబట్ట ఒకటి పంపు, పిల్ల బొంతకు." నాలుగు రోజులకు కవరు వచ్చింది. విప్పితే అందులో తానులోంచి అప్పుడే చింపిన కొత్త గుడ్డ, గులాబి పూలది, గంజి వాసన కొడుతోంది. కొత్తబట్టను బొంతలో వేస్తే ఏమవుతుందో కుట్టినవాళ్లకు తెలుసు. ఒక్క ఉతుకుకు అది ముడుచుకుపోయి చుట్టూ ఉన్న పాతముక్కలను లాగి చింపుతుంది. అందుకే తిప్పి పంపాను. "పాతది పంపమన్న, కొత్తది పనికిరాదు" అని తీసుకుపోయినవాడితో చెప్పి పంపాను. ఆమె మళ్లీ పంపలేదు. మా ఇంట్లో పాతబట్టలు ఉండవు అందట. సరే, లేకపోతే లేకపోయాయి అని నేను కుట్టు ముగించాను.

ముగించాను అంటే, ఒక మూల తప్ప. అది కూడా ఆనవాయితీనే. పసిపిల్ల బొంతకు చివరి మూల తల్లి కుట్టాలి. అందాకా ఆ మూల తెరిచే ఉంటుంది, దారం ఎక్కించిన సూది అక్కడే గుచ్చి ఉంటుంది. తల్లి వచ్చి నాలుగు కుట్లు వేసి, ముడి వేసి, పండ్లతో దారం తెంపి, సూది తీస్తేనే బొంత పూర్తయినట్టు. నా ముగ్గురు పిల్లల బొంతలకూ నేను అట్లాగే తెంపాను.

ఇప్పుడు హాల్లోకి వద్దాం. మా వియ్యపురాలు బొంతను రెండు వేళ్లతో ఎత్తేసరికి ఆ సూది తళుక్కుమంది.

"అయ్యో, ఇదేంది వదినె! సూది! పసిపిల్ల పండే దాంట్ల సూది వెడ్తరా ఎవరన్న?"

"అది మర్చిపోయి పెట్టింది కాదు. మూల కుట్టినంక తీస్తరు. తల్లి కుట్టాలె."

"ఏమో తల్లీ. అసలే పాతబట్టలు. ఎవలెవలు కట్టి ఇడిసినయో. ఇన్ఫెక్షన్ వస్తే ఎవరు జిమ్మేదారి?"

"పుట్టిన్నాడు దవాఖానల నర్సమ్మ ఏమడిగింది? మెత్తటి పాతబట్ట ఉన్నదా అమ్మా అని నన్నే అడిగింది. అప్పుడు ఏడికి వోయింది నీ ఇన్ఫెక్షను?"

హాలు అలంకరించే అమ్మాయి మధ్యలో వచ్చింది. మంచిదే పాపం, మర్యాదగా మాట్లాడింది. "ఆంటీ, థీమ్ అంతా వైట్ అండ్ పింక్. ఇది కలర్ సెట్ కాదు. ఫోటోలు అయినంక వేద్దాం." థీము! పిల్ల తొట్టెకు థీము ఏమిటో నాకు అర్థం కాలేదు. తొట్టె దగ్గరికి వెళ్లి చేయి పెట్టి చూశాను. తెల్లటి శాటిన్ గుడ్డ, చుట్టూ ప్లాస్టిక్ గులాబీలు. గుడ్డ వెనక ఏదో నా వేలికి గుచ్చుకుంది. గుండుసూది. వేలితో తడుముతూ పోతే ఆ చివర నుంచి ఈ చివర దాకా గుండుసూదులే. నా ఒక్క సూదికి అంత రాద్ధాంతం చేసిన మనిషికి అవేవీ కనబడలేదు. ఆ మాట అక్కడే, అందరూ వినేటట్టు అన్నాను. ఆ అమ్మాయి మొహం ఎర్రబడి గుండుసూదులు పీకడం మొదలుపెట్టింది. వియ్యపురాలు మాత్రం కదలలేదు.

నిజం చెప్పాలంటే వియ్యపురాలి మాట నాకు పెద్ద లెక్క కాదు. నాకున్న ఫికర్ అంతా నా బిడ్డ ఏమంటుందో అని. సూది తీయాల్సింది ఆమె. ఆమె వద్దంటే బొంత బొంత కాదు, మళ్లీ గుడ్డపీలికలే. మేకప్ గదిలోంచి బయటకు వచ్చింది. నన్ను చూసింది, అత్తను చూసింది, బొంతను చూసింది. నెమ్మదిగా అంది.

"అమ్మా, ఇంటికి పోయినంక వేద్దాం లే. ఇప్పుడెందుకు లొల్లి?"

లొల్లి! ముగ్గురం ముసలివాళ్లం కండ్లు పొడుచుకుని కుట్టినది లొల్లి అయింది. బొంత మడిచి చంకన పెట్టుకుని బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. యారాలు, ఖాలా నా వెంటే వచ్చారు.

"అక్కా, పోదామా ఇంటికి?" అంది యారాలు.

"నువ్వు అన్నం తినకుండ వస్తవా?" అంది ఖాలా. "లోపల బగారన్నం వాసన వస్తున్నది."

"తిని పోదాం మరి," అంది యారాలు. నవ్వు రాకపోయినా నోరు కదిలింది నాది.

అప్పుడు వియ్యంకుడు బయటకు వచ్చాడు. పట్టుపంచె మీద భుజాన ఒక పాత తువ్వాల. దుకాణంలో రోజూ ఉండేదే. పొద్దున్నుంచి ఆయన పెండ్లాం దాని గురించే ఆయనను సతాయిస్తోంది, ఫోటోల్లో పడుతుంది తీసెయ్యమని. ఆయన తీయలేదు. నా పక్కన మెట్టు మీద కూర్చుని, బొంతను మోకాళ్ల మీదికి లాక్కుని, బట్టల వ్యాపారి చూసినట్టు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది బావ ధోతి కదా. ఇది మీ యారాలిది. ఇది ఎవలిది?"

"నాదే భాయ్, నా కుర్తా," అంది ఖాలా.

ముక్క ముక్క అడిగాడు. అన్నీ అయ్యాక, "మరి మాదేది చెల్లె?" అన్నాడు.

"కొత్తది పంపిండ్రు అన్నా. బొంతల కొత్తది నిలవదు, తిప్పి పంపిన."

"ఆమె బీరువాల దాసుకున్న తానులకెల్లి చింపి పంపింది. ఎవరినీ ముట్టనియ్యదు దాన్ని. నువ్వు తిప్పి పంపినవ్. పండుగల పుట్టింటోళ్లు పిలువనట్టు కూసున్నది. నాతోటి మాట్లాడలె."

ఈ సంగతి నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నోరున్నది కదా, ఫోన్ ఉన్నది కదా, ఆమె చెప్పొచ్చు కదా. చెప్పకుండా సూది మీద పెట్టి పోట్లాడింది. నాకు కోపం తగ్గలేదు, ఇంకో వైపు తిరిగింది.

వియ్యంకుడు భుజాన ఉన్న తువ్వాల తీశాడు. "ఇది వనికొస్తదా?"

పట్టి చూశాను. ఎన్నేళ్ల ఉతుకో, వెన్నలా ఉంది. "ఉతికిందేనా?"

"పొద్దుగాల ఉతికింది ఆమెనే."

అలంకరణ అమ్మాయిని కత్తెర అడిగి, అంచున చిన్న గాటు పెట్టి, దుకాణంలో చింపినట్టు పర్రున ఒక్క లాగుతో చింపాడు. ఆ చప్పుడుకు వియ్యపురాలు బయటకు ఉరికి వచ్చింది.

"ఏం పని ఇది! మనుమరాలికి పీలిక ఇస్తవా? చెమట తువ్వాల! ఇటియ్యి!"

"ఇయ్య. ఇది నా మనుమరాలిది."

"నల్గుర్ల ఇజ్జత్ దీస్తున్నవ్!"

ఆమె ఒక చివర పట్టుకుంది, ఆయన ఇంకో చివర. పట్టుబట్టల్లో ఇద్దరు పెద్దమనుషులు ఒక తువ్వాల ముక్క కోసం ఫంక్షన్ హాలు మెట్ల మీద గుంజులాట. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే నా బిడ్డ. పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ముందు నవ్వింది, తర్వాత బొంత తెరిచి ఉన్న మూల చూసింది, తర్వాత నన్ను చూసింది. పిల్లను భర్త చేతికి ఇచ్చి, వచ్చి నా పక్కన, పట్టుచీరతోనే, మెట్టు మీద కూర్చుంది.

"సూది ఏడున్నదే అమ్మా? ఎట్ల వట్టుకోవాలె?"

కంప్యూటర్ల మీద పని చేసే చేతులు. సూది పట్టుకోవడం ఇంట్లో నేను నేర్పలేదు, ఆమె అడగలేదు. తువ్వాల ముక్కను మూల మీద పరిచి చూపించాను. మొదటి కుట్టు జానెడు పొడుగు వచ్చింది. రెండోది దానికి అడ్డం వచ్చింది.

"ఒంకర వోతున్నది," అంది వియ్యపురాలు పైన నిలబడి. "నాకియ్యి, నేను కుడుత."

"ఆ మూల తల్లిదే," అన్నాను నేను. "నీకు అంత ఆత్రం ఉంటే కూసొని బట్ట గుంజి వట్టుకో వదినె. వదులుంటే కుట్టు పడది."

ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత కూర్చుంది. రెండు చేతులతో, రెండు వేళ్లతో కాదు, బొంతను గట్టిగా గుంజి పట్టుకుంది. నా బిడ్డ కుట్టింది. చివర పండ్లతో దారం తెంపి, సూది నా చేతిలో పెట్టింది.

వియ్యపురాలు తన మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ నా మాట వెనక్కి తీసుకోలేదు. గుండుసూదులన్నీ పీకేసిన తొట్టెలో బొంత పరిచారు. అలంకరణ అమ్మాయి దాని మీద తెల్లటి జాలీ గుడ్డ కప్పింది, థీము చెడకుండా. ఆ జాలీ మీద నాకు ఇంకా కోపమే. ఫోటోలు వచ్చాక చూస్తే జాలీ కింద నుంచి ఒక్క మూల బయటకు కనిపిస్తోంది. వంకర కుట్ల తువ్వాల మూల. వియ్యపురాలు ఆ ఫోటోనే దుకాణంలో గల్లా వెనక పెట్టుకుందట. పాతబట్టలు ఉండవన్న ఇంట్లో!

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: కుట్టిన నేను, మా యారాలు, పక్కింటి ఖాలా. గుండుసూదులు పీకిన అలంకరణ అమ్మాయి. చింపిన వియ్యంకుడు, గుంజి పట్టిన వియ్యపురాలు. పిల్లను ఎత్తుకుని ఎండలో నిలబడ్డ మా అల్లుడు. సూది తీసిన నా చిన్నబిడ్డ. రాలేనివాళ్లలో మా ఆయన ధోతిగా వచ్చాడు, ఎంకపల్లి ఆడబిడ్డ నీలం లంగాగా వచ్చింది. అందరి మీదా పడుకుని, ఎవరి గోలా పట్టకుండా, చివరికి బొంత తడిపిన నా మనుమరాలు.