అతుకులమ్మ మోసిన క్షమాపణలు

మా పెద్దమ్మను అందరూ అతుకులమ్మ అనేవారు. బట్టలు బాగుచేయడం ఆమె పని. చిరిగిన జేబులు, వదులైన నడుములు, ఊడిన కుట్లు. మిషను పక్కన ఒక స్టూలు ఉండేది. దాని మీద కూర్చున్నవాళ్ళు బట్ట ఇచ్చి ఊరుకునేవారు కాదు, ఇంట్లో గొడవంతా వెళ్ళబోసుకునేవారు. గొడవపడ్డవాళ్ళను సమాధానపరిచేవాళ్ళు ధన్యులని ప్రభువు అన్న మాటను పెద్దమ్మ పట్టుకుంది, ఇక వదల్లేదు.

ఆమె పద్ధతి నాకు బాగా తెలుసు. ఎడముఖం పెడముఖంగా ఉన్న ఇద్దరిలో ఒకరి దగ్గరికి వెళ్ళి, "పాపం, నిన్న నా దగ్గర కూర్చుని బాధపడింది. తప్పు నాదేనంది" అని చెప్పేది. రెండోవారి దగ్గరా అదే పాట. నిజానికి ఇద్దరిలో ఎవరూ ఆ మాట అని ఉండరు. అయినా ఆదివారానికి చర్చిలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు.

"అది అబద్ధం కాదా పెద్దమ్మా?" అని అడిగేదాన్ని.

"వాళ్ళు అనాల్సిన మాటే కదా. కాస్త ముందుగా నేనన్నాను" అనేది, పళ్ళతో దారం కొరుకుతూ.

ఆ పద్ధతే ఆమె కొంప ముంచింది. మా అమ్మకూ, చర్చిలో పాటల బృందం నడిపే టీచరమ్మకూ ఒకసారి మాటా మాటా పెరిగింది. పెద్దమ్మ తన చెల్లెల్ని అడక్కుండానే ఆమె తరఫున క్షమాపణ మోసుకెళ్ళింది. ఆరాధన అయ్యాక టీచరమ్మ అందరి ముందూ అమ్మను కౌగిలించుకుని, "తప్పు ఒప్పుకున్నావుగా, అది చాలు" అంది. అమ్మకు తల కొట్టేసినట్లయింది. ఇంటికొచ్చి ఒకే మాట అంది. "ఇక నాకు అక్క లేదు."

పదకొండేళ్ళు. రెండు వీధుల దూరం. తోబుట్టువుతో సమాధానపడకుండా ప్రభువు బల్లకు, అంటే చర్చిలో పంచే రొట్టెకు, రాకూడదని పెద్దమ్మ నమ్మకం. రొట్టె పంచే ఆదివారం చివరి బెంచీలో తల వంచుకుని కూర్చునేది. ఆమె కలిపినవాళ్ళు మాత్రం దర్జాగా ముందుకెళ్ళి రొట్టె తీసుకునేవారు. మా అమ్మా వాళ్ళతోనే. ఈమెకూ ఒకరు మాట మోయాలి కదా అని ఆ మహానుభావుల్లో ఒక్కరికీ తోచలేదు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కడుపు మంటే. ఎల్లప్పుడూ ఆనందించమని పాస్టరుగారు చదువుతుంటే ఆ చివరి బెంచీ వైపు చూడలేకపోయేదాన్ని.

చివరికి పెద్దమ్మ మంచం పట్టింది. వారం గడవడం కష్టమన్నాడు డాక్టరు.

"మీ అమ్మ ఒక్కసారి వస్తే, బల్ల తీసుకుని పోతానే" అంది నాతో.

వెళ్ళి అమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. దుప్పట్లు మడతపెడుతున్న అమ్మ తలెత్తలేదు. "అక్కడ నాకెవరున్నారు?" అంది.

తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాను. "అమ్మ ఏడ్చింది పెద్దమ్మా. తప్పు నాదేనంది. ఒంట్లో బాగోలేక రాలేకపోయింది" అన్నాను.

పెద్దమ్మ కాసేపు నన్నే చూసింది. నా చెయ్యి నిమిరింది. "బాగానే చెప్పావు. చెప్పేటప్పుడు మాత్రం కళ్ళు దించకూడదే" అంది.

ఆ సాయంత్రం పాస్టరుగారు రొట్టె తెస్తే, వద్దని తల అడ్డంగా ఊపింది. మర్నాడు పోయింది.

శవపెట్టె మూసేముందు అమ్మ వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు. తర్వాత నన్ను పక్కకు లాగింది. "నా గురించి ఏమైనా అందా? నన్ను క్షమించిందా?" అని అడిగింది.

పెద్దమ్మ అలాంటి మాటేమీ అనలేదు. రొట్టె వద్దంది, అంతే. అది చెప్పి అమ్మను బతికినంత కాలం కుమిలిపోయేలా చేయాలనిపించింది, మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"క్షమించింది. బల్ల కూడా తీసుకుంది" అన్నాను, అమ్మ కళ్ళలోకి చూస్తూ.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "దేవుడికి స్తోత్రం" అంటూ ఆ మాట అందరికీ చెప్పడానికి వెళ్ళింది. ఆ సంతోషం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. రొట్టె వెనక్కి తీసుకెళ్ళిన పాస్టరుగారు అమ్మ మాట విని నా వైపు తిరిగారు. నేను కళ్ళు దించలేదు.